తలా వెన్నూ పదిలం: మెదడు శస్త్రవైద్యుడి సరదా సలహాలు, సరిహద్దు తెలుగువాళ్ల సందేహాలు

వంశధార వైద్యుడు

మిత్రులందరికీ నమస్కారం. ఒడిశాలోని గుణుపురంలో పుట్టి పెరిగాను. ఇప్పుడు బరంపురంలో మెదడుకు, వెన్నెముకకు శస్త్రచికిత్సలు చేస్తున్నాను. మీరెవరూ నా దగ్గరికి రోగిగా రాకూడదనీ, పెళ్లికో గృహప్రవేశానికో పిలవడానికి మాత్రమే రావాలనీ నా కోరిక. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పెద్దవారి మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. ముట్టుకుంటే జున్నుముక్కలా మెత్తగా ఉంటుంది. అంత మెత్తటి దానికి చుట్టూ పుర్రె ఉంది, మధ్యలో కుదుపులు తట్టుకోవడానికి కాస్త ద్రవం ఉంది. మెదడులోనూ వెన్నులోనూ కలిపి ఆ ద్రవం 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. నడకకూ పరుగుకూ, తలుపు తగిలి బొప్పి కట్టడానికీ ఈ ఏర్పాటు చాలు. అంతకు మించిన దానికి చాలదు. నిలబడ్డ మనిషి వెల్లకిలా పడితేనే, తల నేలను తాకే సమయానికి గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బండి ఆగి ఉన్నా అంతే. "నేను మెల్లగానే వెళ్తాను డాక్టరు గారూ" అనేవారికి నా జవాబు ఇదే.

కాబట్టి మొదటి సలహా: హెల్మెట్‌కు సరైన చోటు తల. మోచేయి కాదు, పెట్రోలు ట్యాంకు కాదు, బండి అద్దం కాదు. మోచేతులు చూసుకోవడానికి ఎముకల డాక్టరు గారు వేరే ఉన్నారు, ఆయనకు ఇప్పటికే చేతినిండా పని. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ మీకంటే ముందే రోడ్డు మీద పడి దొర్లిపోతుంది. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు ఉంటే చాలు.

ఇక వెన్ను. అందులో 33 పూసలు, మెడలో ఉన్నవి 7. వాటి నడిమి సొరంగంలో చిటికెనవేలంత లావున వెన్నుపాము దిగుతుంది. మీ కాలు కదలడం, మూత్రం మీద అదుపు, మెడ దగ్గరైతే ఊపిరి కూడా దాని చలవే. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. తెగిన వెన్నుపాము మాత్రం మళ్లీ పెరగదు. ప్లేట్లు, స్క్రూలు వేసి పూసలను నిలబెట్టడం నా చేతిలో పని. తెగిన వెన్నుపామును కలపడం నా చేతిలోనే కాదు, ఈ రోజుకి ఎవరి చేతిలోనూ లేదు.

సెలవుల్లో చెరువుకు వెళ్లే పిల్లలకు ఒక మాట: దిగి లోతు చూడనిదే తల ముందుగా దూకవద్దు. నిరుడు నిండుగా ఉన్న రేవు ఈ ఏడు నడుము లోతు కూడా ఉండకపోవచ్చు. తల అడుగున తగిలితే భారమంతా మెడపూసల మీదే పడుతుంది. పందెం మీద దూకి మెడ కింద అంతా చచ్చుబడిన పిల్లలకు వైద్యం చేశాను. కాళ్లు ముందుగా దూకినా ఆ నీళ్లే, ఆ సరదానే.

మీ సందేహాలు అడగండి.

బరంపురం కుర్రవాడు

సార్, నమస్తే. మా కాలేజీ మిత్రులు ఇచ్ఛాపురం వైపు వెళ్లేటప్పుడు హెల్మెట్ తలకు పెట్టుకుంటారు, అక్కడ తనిఖీ ఉంటుందని. తిరిగొచ్చి సరిహద్దు దాటగానే మళ్లీ ట్యాంకు మీదికి చేరుతుంది. అడిగితే చెమట, జుట్టు రాలడం, వెనక హారన్ వినపడదు, మెడ నొప్పి అని నాలుగు కారణాలు చెబుతారు. మీరు జవాబు రాస్తే వాళ్లందరికీ చూపిస్తాను.

వంశధార వైద్యుడు

తమ్ముడూ, ఆంధ్రలో ఉన్న తలే ఒడిశాలోనూ ఉంటుంది, సరిహద్దు దాటగానే పుర్రె మందం కాదు.

మగవాళ్లకు జుట్టు రాలడానికి ముఖ్య కారణం వంశం, హార్మోన్లు. చెమటకు మందు పల్చటి నూలు గుడ్డ. తలకు చుట్టుకుని పైన హెల్మెట్ పెట్టుకోవాలి, ఇంటికెళ్లి గుడ్డ ఉతుక్కోవాలి. నేను శస్త్రచికిత్సకు ముందు తల గొరిగిస్తాను. ఆ సమయంలో జుట్టు గురించి అడిగినవారు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. హారన్ సంగతి చూస్తే, హెల్మెట్ గాలి హోరును కూడా తగ్గిస్తుంది కాబట్టి అవసరమైన చప్పుడు వినపడుతూనే ఉంటుంది. కొలత సరిపోయినదైతే మెడకు భారం అనిపించదు.

ఇప్పుడు లెక్క. ప్రపంచంలోని ఎన్నో అధ్యయనాలను కలిపి 2008లో ఒక సమీక్ష చేశారు. హెల్మెట్ వల్ల తల గాయాలు సుమారు 69 శాతం, మరణాలు సుమారు 42 శాతం తగ్గుతాయని అందులో తేలింది. ఇంత పని చేసే మందు నా ఆస్పత్రి అలమరాలో ఒక్కటీ లేదు.

ఈ హెల్మెట్ కథలో మా మెదడు వైద్యుల పాత్ర ఉంది, చెప్పకుండా ఉండలేను. 1935 మే నెలలో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే పేరుమోసిన సైనికాధికారి, సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి మోటారు సైకిలు మీంచి పడ్డాడు. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ చావు ఆయన మనసులో నాటుకుంది. మోటారు సైకిలు నడిపేవారి తల గాయాలన్నీ కూడగట్టి పరిశీలించి, 1941లో హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని వ్యాసం రాశాడు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం తన వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. శస్త్రచికిత్సలో ఆరితేరిన మనిషి, శస్త్రచికిత్స అవసరమే రాని దారి వెతికాడు. నేను ఆయన అడుగుజాడల్లోనే ఇక్కడ రాస్తున్నాను.

కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పక్కన 4151 అనే సంఖ్య చూడు. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేనివి అమ్మడం నేరం. రోడ్డు పక్కన రంగురంగులుగా వేలాడే పల్చటి టోపీలు ఎండకు నీడనిస్తాయి, అంతకు మించి పనికిరావు. అసలైన హెల్మెట్ లోపల థర్మోకోల్ పొర ఉంటుంది. దెబ్బ శక్తిని అది నలిగిపోయి మింగుతుంది. ఒకసారి గట్టిగా తగిలిందంటే పైకి గీత లేకపోయినా దాని పని అయిపోయినట్టే, మార్చేయాలి.

గుణుపురం మాస్టారు

డాక్టరు గారికి అభినందనలు. మా బడి మైదానంలో ఆడుకున్న పిల్లవాడివి, ఇంత మంచి మాటలు రాస్తుంటే సంతోషంగా ఉంది నాయనా.

చట్టం సంగతి నేను చెబుతాను. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నడిపేవారికే కాదు, వెనక కూర్చున్నవారికీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలి. 2019 సవరణ తర్వాత జరిమానా 1,000 రూపాయలు, మూడు నెలలపాటు లైసెన్సు రద్దు. అంతకంటే చిన్న పిల్లలకు వేరే నిబంధన ఉంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తే, నడిపేవారికి కట్టే రక్షణ పట్టీ, పిల్లల హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. మా బడి గేటు దగ్గర ఉదయం నిలబడితే ఒక బండి మీద తండ్రి, ముందు ట్యాంకు మీద ఒకరు, వెనక ఇద్దరు దిగుతారు. హెల్మెట్ ఉంటే తండ్రికి ఉంటుంది. ముగ్గురు పిల్లల తలలు గాలికి. ఈ ఏడాది తల్లిదండ్రుల సమావేశంలో మొదటి మాట ఇదే పెడతాను.

పర్లాకిమిడి కోడలు

అన్నీ నడిపేవాళ్లకే చెబుతున్నారు. వెనక కూర్చునే మా సంగతి చెప్పండి డాక్టరు గారూ. ఒళ్లో పిల్ల, చేతిలో కూరల సంచి, ఒక పక్కకు తిరిగి కూర్చుని ఇంకో చేత్తో సీటు పట్టీ పట్టుకోవాలి. గుంత వస్తే ఆ చెయ్యి దేన్ని కాపాడాలి? వెనక చక్రంలో చీర చిక్కకుండా కొత్త బండితో వచ్చిన కంచెను చూడటానికి బాగోలేదని మా వారు ఊడదీయించారు. నేను మెకానిక్కు దగ్గరికి వెళ్లి నిలబడి మళ్లీ బిగింపించాను. మా వీధిలో పది బండ్లుంటే ఆ కంచె ఉన్నవి ఒకటో రెండో.

వంశధార వైద్యుడు

అమ్మా, మీరు చేసిన పనికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ కంచె అలంకారం కాదు. వెనక చక్రాన్ని సగం దాకా కప్పే రక్షణ, పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి మెట్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది స్పష్టంగా చెబుతోంది. తీయించినవారు చట్టాన్నీ తీయించినట్టే.

చున్నీ గానీ పైట కొంగు గానీ చక్రంలో చిక్కితే మెడకు ఉరి పడుతుంది, అదే క్షణంలో మనిషి వెనక్కి లాగేసినట్టు పడుతుంది. మెడపూసలూ, గొంతూ, తలా మూడూ ఒకేసారి దెబ్బతింటాయి. బండెక్కే ముందు కొంగు నడుము చుట్టూ తిప్పి దోపుకోండి, చున్నీ వెనక ముడి వేసి ముందు వైపుకు తెచ్చుకోండి. వీలైన దుస్తులు ఉన్న రోజు రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోండి. పక్కకు కూర్చుంటే గుంతలో మొదట జారేది మీరే. కూరల సంచి బండికి ఉన్న కొక్కేనికి తగిలించి, పిల్లను మీ ఇద్దరి మధ్య కూర్చోబెట్టండి. మీ వారికి నా తరఫున చెప్పండి, అత్తవారింటి నుంచి వచ్చిన మనిషికంటే బండి అందం ఎక్కువ కాదని.

గంజాం తోట

మావి కొబ్బరి తోటలు. ఈ వైపు నుంచి ఉద్దానం దాకా చెట్టెక్కేవాళ్ల బతుకు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. కాళ్లకు తాడు బంధం, నడుముకు కత్తి, అంతే. వాన పడి మాను పాకుడు పట్టిన రోజున కూడా వ్యాపారి లారీ వచ్చి నిలబడిందని ఎక్కుతారు. పడితే ఇంట్లో నలుగురి కూడు పోతుంది. వీళ్లకు మీరేం చెబుతారు?

వంశధార వైద్యుడు

ఎత్తు నుంచి పడినవారిలో ఎక్కువగా చూసేది నడుము పైభాగపు పూసలు నలిగిపోవడం. పిరుదుల మీదో మడమల మీదో పడినా, దెబ్బ పైకి పాకి అక్కడ తేలుతుంది. అందుకే మడమ విరిగి వచ్చినవారికి నడుము ఎక్స్‌రే కూడా తీయిస్తాం.

యజమానులు మీరే కాబట్టి మీకే చెబుతున్నాను. తడి మాను ఎక్కించవద్దు, లారీ ఒక పూట ఆగుతుంది. కాళ్లతో తొక్కుతూ పైకి వెళ్లే ఇనుప యంత్రాలు వచ్చాయి. వాటితో పాటు నడుముకు రక్షణ పట్టీ కూడా కట్టించండి. కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి చెట్టెక్కే యువతకు ఈ యంత్రాల మీద శిక్షణ ఇస్తోంది.

చెట్టు కింద ఉన్నవారి సంగతీ చెప్పాలి. పాపువా న్యూ గినీలో ఒక ఆస్పత్రిలో గాయాలతో చేరినవారిలో 2.5 శాతం మంది పైనుంచి కొబ్బరికాయ పడి దెబ్బ తగలడం వల్లే చేరారని 1984లో ఒక వైద్యుడు ప్రచురించాడు. చదివి నవ్వుకున్నాం గానీ, ఆ కాయ ఎనిమిది తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి పడితే నవ్వే తల మిగలదు. నులకమంచం, ఉయ్యాల, బండి... కాయ ఉన్న చెట్టు కింద ఏదీ వద్దు. నీడ కోసం వేపచెట్టు ఉంది, అది ఎప్పుడూ తలమీద ఏమీ వేయదు.

సుంకి ఘాట్

సాలూరు నుంచి కొరాపుట్ దాకా సరుకు లారీ తోలుతాను సార్. చలికాలం పొద్దున్న మంచులో పది అడుగుల ముందు కనపడదు. సంత రోజు సరుకు బండ్ల పైన జనం, కాళ్లు కిందికి వేలాడేసి. మలుపులో బండి ఒరిగితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నాకు వ్యక్తిగతంగా నడుము నొప్పి కూడా ఉంది.

వంశధార వైద్యుడు

అన్నా, పైన ఎక్కినవారిని దించగలిగేది మీ డ్రైవర్లే. సంఘంగా ఒక మాట అనుకుంటే వింటారు.

సీటు బెల్టు లారీలోనూ కట్టండి. ఒరిగిన బండిలోంచి బయటికి విసిరేసినట్టు పడినవారి గాయాలు, లోపల కట్టుకుని ఉన్నవారి గాయాల కంటే చాలా తీవ్రంగా ఉంటాయి. కార్లలో తల వెనక దిండు ఉంటుంది కదా, అది నిద్రకు కాదు. వెనక నుంచి గుద్దినప్పుడు మెడ విరుచుకోకుండా ఆపడానికి. దాని పైఅంచు మీ తల పైభాగంతో సమంగా ఉండేలా జరపండి.

నడుము నొప్పికి ముందు వెనక జేబు చూడండి. అక్కడ లావుపాటి పర్సు ఉంటే ముందు జేబులోకి మార్చండి, రోజంతా ఒంకరగా కూర్చోవడం తప్పుతుంది. గంటా గంటన్నరకు దిగి నాలుగడుగులు నడవండి. నొప్పి కాలిలోకి పాకినా, పాదం బలహీనపడినా, మూత్రం ఆగినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి. చివరిదైతే ఆ రోజే.

రాయగడ రైలుబాబు

రైల్వేలో పదవీ విరమణ చేసినవాడిని. నా పాత సహోద్యోగి ఒకరు, డెబ్బై దాటారు, గుండెకు స్టెంటు వేశారు, రక్తం పలచబరిచే మందులు వాడతారు. దాదాపు నెల కిందట స్నానాల గదిలో జారి తల గోడకు తగిలింది. అప్పుడు లేచి కూర్చున్నారు, కాఫీ తాగారు, ఏమీ లేదన్నారు. ఈ వారం నుంచి పగలంతా మగతగా ఉంటున్నారు, ఎడమ చెయ్యి చెంచా పట్టుకుంటే జారిపోతోంది, మాట తడబడుతోంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడింది అంటున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు.

వంశధార వైద్యుడు

బాబుగారూ, ఇది చదవగానే వాళ్ల ఇంటికి వెళ్లండి. రేపు కాదు, ఇప్పుడే. తలకు సి.టి. స్కాన్ చేయించాలి. వయసు పైబడినకొద్దీ మెదడు కాస్త కుంచించుకుంటుంది, పుర్రెకీ దానికీ మధ్య ఉండే సన్నటి సిరలు సాగి బిగుసుకుంటాయి. చిన్న దెబ్బకే ఒకటి తెగి, రక్తం బొట్టుబొట్టుగా వారాల తరబడి చేరుతుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవారిలో ఇది మరీ ఎక్కువ. నెల తర్వాత మగత, మతిమరుపు, ఒక వైపు బలహీనతగా బయటపడుతుంది. చాలామందిని వృద్ధాప్యమనో పక్షవాతమనో ఇంట్లోనే ఉంచేస్తారు. ఆయన మందుల చీటీ తప్పకుండా వెంట తీసుకెళ్లండి, మందులు మీ అంతట మీరు ఆపవద్దు.

పర్లాకిమిడి కోడలు

బాబుగారూ, ఏమైందో రాయండి. మా మామగారికీ అదే మందు.

రాయగడ రైలుబాబు

ఆ రాత్రి బండికే విశాఖపట్నం తీసుకెళ్లాం. స్కాన్‌లో కుడివైపు రక్తం చేరి మెదడును పక్కకు నెట్టేసింది. పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి తీశారు. బయటికి వచ్చింది ఎర్రటి రక్తం కాదట, పాత ఇంజను నూనె రంగులో ఉందని అబ్బాయికి చెప్పారట. మూడోనాటికి ఎడమ చేత్తో చెంచా పట్టుకుని ఇడ్లీ తిన్నారు. వాళ్లావిడ ఫోనులో ఏడుస్తూనే మీకు దీవెనలు పంపారు డాక్టరు గారూ.

వంశధార వైద్యుడు

ఈ పూట నాకు ఇంతకంటే మంచి వార్త లేదు. దీవెనలు మీకే చెందుతాయి, అనుమానించి పట్టుబట్టింది మీరు.

పెద్దలున్న ఇళ్లలో స్నానాల గదికి గోడకు ఒక పిడి, నేల మీద గరుకు చాప, రాత్రి వెలిగే చిన్న దీపం పెట్టించండి. వాటికయ్యే ఖర్చు ఒక్క స్కాన్ ఖర్చుకు కూడా రాదు. వేసవిలో డాబా మీద పడుకునేవాళ్లు పిట్టగోడ లేకపోతే మెట్లకు దగ్గరగా, అంచుకు దూరంగా పడుకోండి. అర్ధరాత్రి నిద్రమత్తులో లేచినవారికి అంచు ఎక్కడుందో తెలియదు. నెలల పిల్లలకు చక్రాల నడక బండి కొనవద్దు. కెనడాలో 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించారు, మెట్ల మీంచి దొర్లుతున్నారని.

బరంపురం కుర్రవాడు

సార్, ఇంకొకటి. క్షవరం అయ్యాక మెడ రెండు వైపులా టకటకమనేలా తిప్పుతారు కదా, హాయిగా ఉంటుంది. అది పరవాలేదా?

వంశధార వైద్యుడు

వద్దు తమ్ముడూ. మెడపూసల రంధ్రాల్లోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు వెళ్తాయి. ఒక్కసారిగా మెలితిప్పితే ధమని లోపలి పొర చిరిగి, గడ్డ కట్టి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. తలకు నూనె మర్దన ఎంతసేపైనా చేయించుకో, మెడ దగ్గరికి రాగానే చాలన్నా అని చెప్పు.

జయపురం నర్సు

డాక్టరు గారూ, నేను అత్యవసర విభాగంలో పనిచేస్తాను. గాయపడినవాళ్లను మా దగ్గరికి తెచ్చే తీరు చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఒకరు చంకల కింద, ఇంకొకరు కాళ్లు పట్టుకుంటారు, మధ్యలో నడుము మడతపడి వేలాడుతుంది. అలాగే ఆటో వెనక సీట్లోకి తోస్తారు. తల ఒకరి ఒళ్లో వాలిపోయి ఉంటుంది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తారు. అందరూ మంచి మనసుతోనే చేస్తారు. వాళ్లకు అర్థమయ్యేలా మీరు రాయండి.

వంశధార వైద్యుడు

సిస్టర్ గారూ, ఈ చర్చలో అన్నిటికంటే అవసరమైన ప్రశ్న మీరే అడిగారు.

ముందు 108కు ఫోను చేయండి. వెనక వచ్చే బండ్లను ఆపడానికి ఒకరు నిలబడండి. గాయపడిన మనిషి తల వైపు ఒకరు మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులతో తలను రెండు వైపులా పట్టుకోవాలి, ముక్కు బొడ్డు ఒకే గీతలో ఉండేలా. ఇక ఆ చేతులు తీయకూడదు. అంబులెన్సు వచ్చేదాకా ఆ ఒక్క పని చేసినా సగం మేలు చేసినట్టే. మంట గానీ, బండ్ల తాకిడి గానీ లేకపోతే కదపవద్దు.

కదపక తప్పకపోతే నలుగురు కావాలి. తల పట్టుకున్నవారు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. మిగతా ముగ్గురు భుజం, నడుము, మోకాళ్లు పట్టుకుని, మూడు అనగానే మనిషి మొత్తాన్నీ ఒకే పలకగా పక్కకు తిప్పాలి. వీపు కిందికి తలుపు చెక్కో, వెడల్పు బల్లో జరిపి మళ్లీ దాని మీదికి తిప్పాలి. తలకు రెండు వైపులా చుట్టిన తువాళ్లు పెట్టి కట్టాలి. వాంతి అవుతుంటే ఇదే పద్ధతిలో పక్కకు తిప్పి ఉంచాలి, లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. నీళ్లు, టీ, ఏదీ నోట్లో పోయవద్దు. హెల్మెట్ ఉంటే లాగవద్దు, అద్దం పైకెత్తి ఊపిరి ఆడుతోందా చూడండి చాలు. ఊపిరి ఆడకపోతేనే, ఒకరు మెడను కింద నుంచి పట్టుకుని ఉండగా ఇంకొకరు నెమ్మదిగా తీయాలి. తలమీద రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ముక్కు, చెవి నుంచి పల్చటి నీరు వస్తుంటే దూది కుక్కవద్దు.

దెబ్బ తగిలిన మనిషి లేచి నడిచి "బాగానే ఉన్నాను" అన్నా ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండండి. కణత దగ్గర పుర్రె పల్చగా ఉంటుంది, దాని వెనకే ఒక ధమని వెళ్తుంది. అది తెగితే కొన్ని గంటలు మామూలుగా మాట్లాడిన మనిషే తర్వాత స్పృహ కోల్పోతాడు. తలనొప్పి పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, మగత, ఫిట్స్, ఒక కనుపాప పెద్దదవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా స్కాన్ ఉన్న ఆస్పత్రికి తరలించండి.

గుణుపురం మాస్టారు

సాయం చేయడానికి జనం వెనకాడేది పోలీసు కేసుల భయంతో. 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఖాయం చేసింది, 2019 సవరణతో చట్టంలో 134ఎ సెక్షన్ కూడా చేరింది. సాయం చేసినవారు పేరు, చిరునామా చెప్పి తీరాలన్న బలవంతం లేదు, వారి మీద కేసు ఉండదు. 2025 మే నుంచి కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు, నమోదైన ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స ఉంది. డబ్బులు ఎవరు కడతారన్న భయంతో ఆగవద్దు.

డాక్టరు గారూ, వచ్చే సెలవు రోజున మా బడికి రాగలవా? ఆటో స్టాండు వాళ్లను, పెద్ద పిల్లలను కూర్చోబెడతాను. చదివితే సగమే తలకెక్కుతుంది, చేసి చూపిస్తే మరచిపోరు.

వంశధార వైద్యుడు

తప్పకుండా వస్తాను మాస్టారూ. ఒక వెడల్పు బల్ల, నాలుగు తువాళ్లు, పాత హెల్మెట్ ఒకటి సిద్ధం చేయించండి. పడుకోవడానికి ఎత్తరి కుర్రవాడు ఒకడు కావాలి, బరువుగా ఉంటే మరీ మంచిది, నలుగురూ కలిసి తిప్పడం అప్పుడే అలవడుతుంది. జయపురం సిస్టర్ గారు రాగలిగితే తల పట్టుకునే పద్ధతి ఆవిడ చేతుల మీదుగానే చూపిద్దాం.

జయపురం నర్సు

సెలవు పెట్టుకుని వస్తాను డాక్టరు గారూ. మాస్టారూ, ఆటో వాళ్లలో సగం మంది ఒడియావాళ్లు, కొందరు సవరవాళ్లు ఉంటారు కదా. ఒకటి, రెండు, మూడు లెక్క ఏ భాషలో పెట్టాలో ముందే అనుకుందాం, నలుగురూ ఒకే క్షణంలో కదలాలి.

గుణుపురం మాస్టారు

ఒడియాలో పెడదాం అమ్మా, అందరికీ వచ్చు. సవర పిల్లలు నా తరగతిలో ఇద్దరున్నారు, వాళ్ల భాషలో కాగితం వాళ్ల చేతే రాయిస్తాను.